రికార్డులో మాయమైన బండి లైసెన్సును తిరిగి రాబట్టుకోవడం ఎలా

2024 మే నెల, మామిడికాయలు దిగే రోజులు. మా పెదనాన్న ఉలవపాడు నుంచి సింగరాయకొండ వైపు బండి మీద వెళ్తుంటే హైవే పక్కన పోలీసులు ఆపారు. లైసెన్సు కార్డు తీసి ఇచ్చాడు. కానిస్టేబుల్ కార్డు ముందువైపు చూశాడు, తిప్పి వెనక చూశాడు, చేతిలో ఉన్న మిషన్‌లో నంబరు కొట్టాడు. "పెద్దాయనా, నీకు కారు లైసెన్సే ఉంది. బండికి లేదు" అన్నాడు. "ముప్పై ఏళ్ల నుంచి బండి తోలతా ఉండా నాయనా. ముందు బండికే తీసుకున్నా, కారు తర్వాత ఎక్కించుకున్నా" అని పెదనాన్న ఎంత చెప్పినా మిషన్‌లో ఉన్నదే లెక్క. ఆ పోలీసును తప్పుపట్టడానికి లేదు. తన ముందున్న రికార్డును నమ్మాడు. లైసెన్సు లేకుండా బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 181వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా. 2019 సెప్టెంబరుకు ముందు అది 500 ఉండేది.

ఇంటికి వచ్చాక ట్రంకుపెట్టెలో పొలం పాసుబుక్కుల అడుగు నుంచి పాత లైసెన్సు బుక్కు తీశాం. 1994 నాటిది. అరచేతిలో ఇమిడేంత పుస్తకం. ప్లాస్టిక్ కవరు పచ్చబడి అట్టకు అంటుకుపోయింది. రెన్యువల్ పేజీ పక్కనే 2003లో కారు ఎక్కించినట్టు రాత కనబడింది. బండి ఎక్కడా లేదు. నా గుండె జారిపోయింది. "సరిగ్గా చూడమ్మా, రెండు పేజీలు అతుక్కున్నాయి" అన్నాడు పెదనాన్న. నిజమే. చెమటకు, వాన తడికి రెండు పేజీలు ఒకటైపోయాయి. గోరుతో మెల్లగా విడదీస్తే లోపల నీలం ఇంకుతో గేరు ఉన్న మోటార్ సైకిల్ అని రాసి ఉంది, కింద సంతకం, సగం చెరిగిన రబ్బరు స్టాంపు. 2012లో యాభై ఏళ్లు నిండాయని రెన్యువల్‌కు ఇచ్చినప్పుడు, బుక్కు తీసుకుని కంప్యూటర్‌లోకి ఎక్కించిన మనిషికి కనబడింది కారు పేజీ ఒక్కటే. ఆ కార్డు మీదే 2017లో, 2022లో మళ్లీ రెన్యువల్ అయింది. పన్నెండేళ్లపాటు ఇంట్లో ఎవరమూ ఆ కార్డు వెనక్కి తిప్పి చదవలేదు.

రికార్డు సరిచేయించడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో రెండు నెలలు మాకు దారి తెలియక పోయినవే. మీకు అలా పోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు మీ రికార్డు మీరు చూసుకోండి

పోలీసు ఆపేదాకా ఆగక్కర్లేదు. ఈ రోజే చూడండి, అయిదు నిమిషాల పని. కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో మీ లైసెన్సు వివరాలు చూసుకునే చోట లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే ఒక పట్టిక వస్తుంది. చాలామంది పైన "యాక్టివ్" అని కనబడగానే మూసేస్తారు. కిందికి రండి. చివర్లో వాహనాల క్లాసులు (ఏ రకం వాహనం నడపొచ్చో చెప్పేవి), ఒక్కోదాని ఎదురుగా అది ఇచ్చిన తేదీ ఉంటాయి. మనకు కావాల్సింది అక్కడే ఉంది.

ఎంసీడబ్ల్యూజీ అంటే గేరు ఉన్న మోటార్ సైకిల్. ఎంసీడబ్ల్యూఓజీ అంటే గేరు లేనిది, అంటే స్కూటీ లాంటివి. ఎల్‌ఎంవీ అంటే కారు. కారు లైసెన్సు ఉంటే బండి కూడా నడపొచ్చని మన ఊళ్లలో గట్టి నమ్మకం ఉంది. అది తప్పు. కారు వేరు, బండి వేరు, రెండూ విడివిడిగా ఉండాలి. రికార్డు పోయేటప్పుడు మూడు రకాలుగా పోతుంది. మా పెదనాన్నకు జరిగినట్టు బండి మొత్తానికే లేకపోవడం ఒకటి. గేరు బండికి టెస్టు ఇచ్చినా గేరు లేనిదని ఎక్కడం ఇంకొకటి. ఇది ఒక్క అక్షరం తేడా కాబట్టి కంటికి ఆనదు, అక్షరం అక్షరం పట్టి చదవండి. మూడోది, క్లాసు ఉంటుంది గానీ ఇచ్చిన తేదీ తప్పుగా ఉంటుంది. పెద్ద నష్టం లేదనిపిస్తుంది కానీ, పాత ప్రమాదం కేసు కోర్టులో ఉన్నవాళ్లకు ఆ తేదీయే ప్రాణం.

నంబరు కొడితే అసలు ఏమీ రాకపోతే భయపడకండి. పాత కార్డుల మీద నంబరు రాసే తీరు వేరు, ఇప్పటి తీరు వేరు. పుట్టిన తేదీ తప్పుగా ఎక్కినా రాదు. కార్డు తీసుకుని ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి, కొత్త నంబరు ఏమిటో, రికార్డులో ఏ పుట్టిన తేదీ ఉందో అడిగి రాయించుకోండి.

పట్టిక కనబడగానే ప్రింటు తీసి, ఆ రోజు తేదీ వేసి పెట్టుకోండి. రేపు మీరు రాసే ప్రతి అర్జీకి ఇది మొదటి కాగితం.

తప్పు ఎక్కడ జరిగి ఉంటుందో ఊహించండి

ఇది తెలిస్తే ఏ కాగితం అడగాలో తెలుస్తుంది. చేతిరాత బుక్కుల నుంచి కంప్యూటర్‌కు మార్చినప్పుడు ఒక వడపోత జరిగింది. రాష్ట్రం సొంత సాఫ్ట్‌వేర్ నుంచి దేశమంతటికీ ఒకటే అయిన సారథికి మార్చినప్పుడు ఇంకో వడపోత. ప్రతి వడపోతలో కొన్ని గింజలు కింద పడ్డాయి. మీ పాత ప్లాస్టిక్ కార్డు వెనక బండి ఉండి ఆన్‌లైన్‌లో లేకపోతే తప్పు రెండోసారి జరిగింది. కార్డు మీదే లేకపోతే మొదటిసారే జరిగింది, అప్పుడు బుక్కు కావాలి.

మూడో దారి కూడా ఉంది, ఇది నెట్ సెంటర్లలో జరుగుతుంది. సారథిలో ఒక క్లాసును వద్దని వదులుకునే సౌకర్యం ఉంది. లారీ, ఆటో తోలడం మానేసినవాళ్లు ట్రాన్స్‌పోర్టు క్లాసు వదిలేయడానికి వాడతారు. అక్కడ టిక్కు పెట్టేటప్పుడు ఆపరేటరు చేయి బండి మీద పడిందంటే బండి పోతుంది. మీ అనుమానం ఇదైతే ఆ దరఖాస్తు నంబరుతో ప్రింటు తీయండి, ఏమేం టిక్కు పెట్టారో అందులో ఉంటుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. కందుకూరు, ఉలవపాడు లాంటి ఊళ్లు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చాయి. గూడూరు, సూళ్లూరుపేట అప్పుడే నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు పోయాయి. ఆ తర్వాత కూడా గీతలు కదిలాయి. మీ లైసెన్సు పుట్టిన ఆఫీసు ఒకటి, ఇప్పుడు మీ ఊరు పడే ఆఫీసు ఇంకొకటి కావచ్చు. పాత రిజిస్టరు మాత్రం మొదట లైసెన్సు ఇచ్చిన ఆఫీసు లెక్కలోదే. అందుకే మేము మొదటి నెల తప్పు కౌంటరు ముందు నిలబడ్డాం. బుక్కు మీద స్టాంపులో ఏ ఆఫీసు పేరు ఉందో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. జిల్లా గీత మారితే లైసెన్సు చెల్లుబాటు మారదు.

ఈలోగా బండి తోలకండి

ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది. ఎందుకంటే చట్టప్రకారం ఆ హక్కు మీదే. అయినా వద్దు. మీ బండి ఎవరికైనా తగిలితే, లైసెన్సు లేదని తేలినచోట ఇన్సూరెన్సు కంపెనీ ముందు బాధితులకు కట్టి, తర్వాత ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేసుకునేలా ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. బండి యజమానికి పాలసీతో వచ్చే 15 లక్షల ప్రమాద బీమాకు కూడా చెల్లే లైసెన్సు ఉండాలనేది షరతు. కంపెనీ లాయరు తెచ్చేది ఆర్టీవో ఆఫీసు మీ లైసెన్సు రికార్డు నుంచి తీసి ఇచ్చిన ఎక్స్‌ట్రాక్టు. అందులో బండి లేకపోతే, అప్పుడు పాత బుక్కు పట్టుకుని మీ కుటుంబం వాదించాల్సి వస్తుంది. పెదనాన్నకు మేము నాలుగు నెలలు తాళం ఇవ్వలేదు. తోటకు మా అన్న వెనక కూర్చుని వెళ్లేవాడు, ఆయనకు అది ఎంత నామోషీగా ఉండేదో మాకు తెలుసు.

చట్టం మీ వైపే ఉంది, ఈ రెండు సెక్షన్లు గుర్తుపెట్టుకోండి

కౌంటర్లో "సిస్టంలో లేదు" అని ఒక్క మాట అంటారు. ఆ మాటతో వెనక్కి రాకండి. మోటారు వాహనాల చట్టం 1988లో 17వ సెక్షన్ ఉంది. లైసెన్సు ఇవ్వనన్నా, రెన్యువల్ చేయనన్నా, రద్దు చేసినా, క్లాసు చేర్చనన్నా, కారణాలు రాసి ఉత్తర్వు రూపంలో మీకు తెలియజేయాలి. దాని మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. 19వ సెక్షన్ కింద ఎవరినైనా అనర్హులుగా ప్రకటించాలన్నా ముందు వాళ్ల మాట వినే అవకాశం ఇవ్వాలి. అంటే ఒకసారి టెస్టు పెట్టి, పాసై, సంతకం పెట్టి ఇచ్చిన క్లాసును టైపింగ్ తప్పుతో తీసేయడం కుదరదు. తీసేయాలంటే ఉత్తర్వు ఉండాలి. మీ విషయంలో ఆ ఉత్తర్వు లేదు. మీ కేసంతా ఈ ఒక్క మాట మీద నిలబడుతుంది, అర్జీలో దీన్ని తప్పకుండా రాయండి.

కాగితాల కట్ట

బుక్కు ఉంటే సగం పని అయినట్టే. ప్రతి పేజీ, ఖాళీ పేజీలతో సహా, రంగుల్లో స్కాన్ చేయించండి. నలుపు తెలుపు జిరాక్సులో రబ్బరు స్టాంపు మాయమైపోతుంది, మాకు మొదటిసారి అదే జరిగింది. అతుక్కున్న పేజీలను తడి చేసి లాగొద్దు, ఇంకు కరుగుతుంది. ఫ్యాను గాలికి ఒక పూట ఆరబెట్టి, పల్చటి కాగితం అంచు మధ్యలోకి తోస్తూ విడదీయండి.

బుక్కు పోయినవాళ్లు కూడా నిరాశపడొద్దు. ఒకప్పుడు లైసెన్సు జిరాక్సు అడ్రసు ప్రూఫుగా ఎన్ని చోట్ల ఇచ్చామో గుర్తు చేసుకోండి. బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు, గ్యాస్ కనెక్షన్‌కు, ఎల్‌ఐసీ పాలసీకి, బండి ఫైనాన్సుకు. బ్యాంకులో పాత ఖాతా దరఖాస్తుతో ఆ జిరాక్సు ఉందేమో అర్జీ పెట్టి అడగండి. డ్రైవరు ఉద్యోగం చేసినవాళ్లకు సర్వీసు రిజిస్టరులో ఉండొచ్చు. పాత ఎల్‌ఎల్‌ఆర్ (బండి నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్సు), టెస్టు రోజు ఇచ్చిన చీటీ, ఫీజు రసీదు, పాత ప్లాస్టిక్ కార్డు, ఏదైనా సరే. ఒక్కటి చాలకపోవచ్చు, నాలుగు కలిస్తే అధికారికి నమ్మకం కుదురుతుంది.

ఒరిజినల్ బుక్కును ఎవరి చేతికీ ఇచ్చి రాకండి, ముఖ్యంగా ఏజెంటుకు. అధికారి చూడాలంటే ఎదురుగా చూపించి వెనక్కి తీసుకోండి. తప్పనిసరిగా ఉంచుకుంటామంటే ఏ ఏ పేజీలున్నాయో రాసి సంతకం పెట్టిన రసీదు అడగండి. ఆ బుక్కు పోతే మీ ముప్పై ఏళ్లు పోయినట్టే.

అర్జీ ఇలా రాయండి

నోటిమాటతో ఏ రికార్డూ మారదు. రికార్డు మార్చే అధికారం కౌంటర్లో కూర్చున్న ఉద్యోగికి ఉండదు కాబట్టి అతని మీద కోప్పడి ప్రయోజనం లేదు. లైసెన్సులు ఇచ్చే అధికారి, అంటే లైసెన్సింగ్ అథారిటీ పేరుతో ఒక పేజీ అర్జీ చాలు. మేము రాసింది దాదాపు ఇలాగే ఉంది:

"గౌరవనీయులైన లైసెన్సింగ్ అథారిటీ గారికి. విషయం: నా డ్రైవింగ్ లైసెన్సు రికార్డులో పొరపాటున నమోదు కాని గేరు మోటార్ సైకిల్ క్లాసును మొదటి తేదీతో తిరిగి చేర్చుట గురించి. అయ్యా, నాకు ఫలానా తేదీన ఫలానా నంబరుతో గేరు మోటార్ సైకిల్ నడుపుటకు మీ కార్యాలయం లైసెన్సు ఇచ్చింది. ఫలానా తేదీన కారు క్లాసు చేర్చారు. ఫలానా సంవత్సరం రెన్యువల్ సమయంలో కంప్యూటర్ నమోదులో మోటార్ సైకిల్ క్లాసు విడిచిపోయింది. నేను ఆ క్లాసును వదులుకోలేదు. దానిని రద్దు చేస్తూ నాకు ఎటువంటి ఉత్తర్వు రాలేదు. జతచేసిన బుక్కు పేజీలను మీ రిజిస్టరుతో సరిచూసి రికార్డు సరిచేయవలసిందిగా, కుదరని పక్షంలో 17వ సెక్షన్ ప్రకారం కారణాలతో ఉత్తర్వు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను."

ఆ చివరి వాక్యం వదిలేయకండి. "కుదరని పక్షంలో రాసి ఇవ్వండి" అన్నాక ఫైలు పక్కన పడేయడం ఎవరికైనా కష్టం. "మొదటి తేదీతో" అన్న మాట కూడా ముఖ్యం. లేకపోతే ఈ రోజు తేదీతో కొత్తగా చేర్చి పని అయిందంటారు, మీ పాత అనుభవమంతా గాలికి పోతుంది.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఇన్‌వర్డులో (కాగితాలు తీసుకుని నంబరు వేసే చోట) ఇచ్చి రెండో కాపీ మీద నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే ఇంటికి వచ్చి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, అందినట్టు వచ్చే ఆన్‌లైన్ వివరం దాచండి. వెళ్లిన ప్రతిసారీ ఎవరితో మాట్లాడారో, ఏమన్నారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. నేను అలా రాసుకోకపోతే రెండో నెలలో "మీరసలు అర్జీ ఇవ్వలేదు" అన్నప్పుడు నోరు మూసుకుని వచ్చేదాన్ని.

"ఎందుకమ్మా ఇదంతా, మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోండి"

ఈ మాట అందరూ అంటారు. ఏజెంట్లు అంటారు, చుట్టాలు అంటారు, ఆఫీసులో మంచిగా మాట్లాడే గుమస్తా కూడా అంటాడు. డబ్బు పరంగా చూస్తే అది పెద్ద ఖర్చు కాదు. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్ క్లాసుకు 150, టెస్టుకు 300, క్లాసు చేర్చడానికి 500, పైన కార్డు, సర్వీసు ఛార్జీలు. నలభై దాటినవాళ్లకు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక 30 రోజులు ఆగి టెస్టుకు వెళ్లాలి, ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది.

నా సలహా, చేతిలో బుక్కు ఉంటే ముందు సరిచేయించుకునే దారే పట్టండి. కొత్తగా ఎల్‌ఎల్‌ఆర్‌కు పెట్టారంటే ఇంతవరకు మీకు బండి లైసెన్సు లేదని మీరే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు ఎవరైనా వాదించవచ్చు. వెనకటి ప్రమాదం ఏదైనా కోర్టులో ఉంటే ఆ సంతకం మీ మెడకు చుట్టుకుంటుంది. అరవై దాటిన మనిషిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఎనిమిది అంకె తిప్పమనడం కూడా నాకు మనస్కరించలేదు. ఆయన తప్పు ఏముందని?

ఒకే ఒక సందర్భంలో మళ్లీ టెస్టు మంచిది. బుక్కు లేదు, జిరాక్సు లేదు, ఆఫీసు రిజిస్టరులో కూడా దొరకలేదు, రోజూ బండి లేనిదే బతుకు గడవదు. రొయ్యల గుంటల దగ్గరికి తెల్లవారుజామున మేత తీసుకెళ్లే కుర్రాడికి ఆరు నెలలు ఆగమని చెప్పలేను. అప్పుడు కూడా దరఖాస్తుతో పాటు ఒక ఉత్తరం పెట్టండి. పాత క్లాసు రికార్డులో పోయిందని, నా పాత హక్కును వదులుకోకుండా, ప్రస్తుత అవసరం కోసం మాత్రమే మళ్లీ దరఖాస్తు చేస్తున్నానని అందులో రాయండి.

సమాచార హక్కు: మా పని తిప్పింది ఇదే

నెల రోజులు గడిచినా అర్జీకి జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టండి. అర్జీ ఇచ్చిన రోజే పెట్టినా తప్పు లేదు, మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే నేను అలాగే చేస్తాను. తెల్లకాగితం చాలు, తెలుగులోనే రాయొచ్చు. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, పోస్టాఫీసులో పోస్టల్ ఆర్డరు తీసి జతచేయండి. తెల్లకార్డు ఉన్న పేదలకు ఆ ఫీజు కూడా లేదు, కార్డు జిరాక్సు పెట్టాలి. ఆ ఆఫీసు పౌర సమాచార అధికారి పేరు మీద పంపండి.

ఏం అడగాలన్నది చాలా జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం. "నా క్లాసు ఎందుకు తీసేశారు" అని అడగకండి. ఎందుకు అన్నదానికి రికార్డులో కాగితం లేకపోతే జవాబు ఇవ్వక్కర్లేదు. కాగితాలు అడగండి. మేము నాలుగు అడిగాం. ఒకటి, ఈ నంబరు లైసెన్సుకు సంబంధించి లైసెన్సుల రిజిస్టరులో, అంటే ఫారం 10లో, ఉన్న నమోదు ధ్రువీకరించిన నకలు. రెండు, ఈ లైసెన్సు నుంచి ఏదైనా క్లాసును తొలగిస్తూ ఇచ్చిన ఉత్తర్వు ఉంటే దాని నకలు. మూడు, 2012 రెన్యువల్ దరఖాస్తు, దానికి జతచేసిన కాగితాల నకళ్లు. నాలుగు, పాత రిజిస్టరును నేను స్వయంగా చూసేందుకు ఒక తేదీ. రికార్డును వెళ్లి చూసుకునే హక్కు చట్టంలోనే ఉంది, అది చాలామందికి తెలియదు.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా సగం జవాబు వస్తే, తర్వాత 30 రోజుల్లో అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు. "రికార్డు దొరకలేదు" అని రాస్తే అక్కడితో ఆపకండి. ఎప్పుడు నాశనం చేశారు, ఎవరి ఉత్తర్వుతో, ఆ ఉత్తర్వు నకలు ఇవ్వండి అని మళ్లీ అడగండి. రికార్డులు పద్ధతిగా భద్రపరచడం నాలుగో సెక్షన్ ప్రకారం ఆఫీసు బాధ్యత, మీది కాదు.

మాకు 27వ రోజున కవరు వచ్చింది. రెండో ప్రశ్న ఎదురుగా "అటువంటి ఉత్తర్వు ఏదీ ఈ కార్యాలయంలో లేదు" అని రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం చదివి పెదనాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాతి వారం రిజిస్టరు చూడ్డానికి వెళ్లాం. మోయలేనంత పెద్ద లెడ్జరు, అంచులు ఎలుకలు కొరికాయి. 1994 పేజీలో ఆయన పేరు, మా తాతగారి పేరు, ఊరు, ఎదురుగా మోటార్ సైకిల్ అని ఎర్ర ఇంకుతో ఉన్నాయి. ఆ లెడ్జరు తెచ్చి ఇచ్చిన ఉద్యోగి కూడా "ఇంత స్పష్టంగా ఉందే" అన్నాడు. ఆ పేజీ ధ్రువీకరించిన నకలును పాత ఇన్‌వర్డు నంబరు వేసి అర్జీకి జత చేశాం.

అప్పటికీ కదలకపోతే

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ పొద్దున్నే వెళ్తే రద్దీ తక్కువ. ఒక పేజీ అర్జీ, వెనక మూడు నాలుగు కాగితాలు మాత్రమే పెట్టండి. మొత్తం కట్ట పెడితే ఎవరూ చదవరు. అక్కడ ఇచ్చే రసీదు నంబరుతో మీ అర్జీ సంబంధిత శాఖకు వెళ్తుంది. మీ సమస్య పరిష్కారమైందని మెసేజి వచ్చినా, పరివాహన్‌లో క్లాసు కనబడితే తప్ప నమ్మకండి. కనబడకపోతే అదే నంబరు వేసి మళ్లీ ఇవ్వండి.

కుదరదని రాతపూర్వకంగా ఇచ్చారనుకోండి, అది ఒక రకంగా మంచిదే. ఆ కాగితం అందిన తేదీ నుంచి 30 రోజులు లెక్కపెట్టి 17వ సెక్షన్ అప్పీలుకు వెళ్లండి. ఎవరికి అప్పీలు చేయాలో ఆ ఉత్తర్వు మీదే రాయమని అడగండి.

రెన్యువల్ దగ్గర పడితే

గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు. కాబట్టి ముందే రికార్డు చూసుకుని, తప్పుంటే సరిచేయించి, ఆ తర్వాతే రెన్యువల్‌కు వెళ్లండి. తప్పుడు రికార్డు మీద రెన్యువల్ చేసిన ప్రతిసారీ ఆ తప్పు ఇంకొంచెం గట్టిపడుతుంది. అయితే గడువు ఇంకో నెలే ఉంటే ఆగొద్దు. గడువు తీరి ఏడాది దాటితే ఉన్న క్లాసుకు కూడా మళ్లీ టెస్టు తప్పదు. రెన్యువల్‌కు పెట్టండి, అదే రోజు సవరణ అర్జీ కూడా ఇవ్వండి, ఒకదానిలో ఇంకోదాని నంబరు రాయండి.

క్లాసు తిరిగి వచ్చాక

సంతోషంలో వదిలేయకండి, ఇంకా ఒక పూట పని ఉంది. పరివాహన్‌లో మళ్లీ నంబరు కొట్టి క్లాసు, దాని ఎదురుగా తేదీ చూడండి. మాకు మొదటిసారి క్లాసు వచ్చింది గానీ తేదీ 2024 అని పడింది. అదే రోజు వెనక్కి వెళ్లి అర్జీలో "మొదటి తేదీతో" అన్న మాట చూపిస్తే వారంలో 1994గా మార్చారు. తర్వాత ఎంపరివాహన్ యాప్‌లో చూడండి. డిజిలాకర్‌లో పాత కాపీ అలాగే ఉండిపోతుంది, దాన్ని తీసేసి లైసెన్సును మళ్లీ తెప్పించుకోండి. పోలీసుకు చూపించేది ఎక్కువగా అదే. సారథిలో డీఎల్ ఎక్స్‌ట్రాక్టుకు కూడా పెట్టి ఒక కాపీ తీసుకుంటే, రేపు ఇన్సూరెన్సు వాళ్లకు ఇవ్వడానికి పనికొస్తుంది. జరిమానా ఇంకా కట్టకుండా ఉంటే ఆ ఎక్స్‌ట్రాక్టు, రిజిస్టరు నకలు తీసుకుని దాన్ని ప్రశ్నించండి, ఆ రోజు కూడా మీకు లైసెన్సు ఉన్నట్టు ఇప్పుడు ఆఫీసు రికార్డే చెబుతోంది.

పెదనాన్నకు 2027లో మళ్లీ రెన్యువల్ ఉంది. బుక్కు పేజీల రంగు కాపీలు, లెడ్జరు నకలు, సమాచార హక్కు జవాబు, ఎక్స్‌ట్రాక్టు అన్నీ ఒక కవరులో పెట్టి పైన తేదీ రాశాం. ఈసారి ట్రంకుపెట్టెలో పాసుబుక్కుల అడుగున కాకుండా వాటి పైన పెట్టాం.